మీకు తెలుసా? కడుపులో కణాల గుసగుసలు!

ఒక్క నిమిషం ఇటు రండి, ఓ రహస్యం చెబుతాను! మీరు ఈ ముక్క చదువుతుండగానే మీ పేగుల్లో కోట్ల కబుర్లు నడుస్తున్నాయి. చప్పుడుండదు. మాట ఉండదు. ఒక కణం ఇసుమంత ప్రోటీన్ వదులుతుంది, పక్క కణం అందుకుంటుంది. "దొంగలు పడ్డారు, లేవండి!" అని ఒక కబురు. "ఏమీ లేదు, పడుకోండి!" అని ఇంకో కబురు. ఈ కబుర్లు మోసే ప్రోటీన్లే సైటోకైన్లు. స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రవేత్త 1974లో వాటికి ఆ పేరు పెట్టారు!

ఇసుమంత అన్నాను కదా, ఎంతో ఊహించగలరా? నెత్తురులో వీటిని పికోగ్రాముల్లో కొలుస్తారు. ఒక గ్రామును లక్ష కోట్ల ముక్కలు చేయండి. అందులో ఒక్క ముక్కే పికోగ్రాము! ఉత్త కంటికి అందనే అందదు. అయినా అంత చిన్న కొలతలో తేడా వస్తే ఒళ్లంతా జ్వరంతో కాలిపోతుంది!

పేగును పరిస్తే టెన్నిస్ కోర్టంత అవుతుందని చిన్నప్పుడు చదివారా? అది పాత లెక్క! 2014లో స్వీడన్ పరిశోధకులు మళ్లీ జాగ్రత్తగా కొలిచారు. నోటి నుంచి మలద్వారం దాకా లోపలి పొర మొత్తం కలిపితే సుమారు 32 చదరపు మీటర్లే. అంటే దాదాపు సగం బ్యాడ్మింటన్ కోర్టు! ఆ కాస్త జాగాలోనే మన ఒంటి రక్షణ సైన్యంలో అతి పెద్ద దళం కాపలా కాస్తోంది.

ఇక గోడ సంగతి వినండి! అవతల 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా. అది మన ఒంట్లో ఉన్న సొంత కణాల కన్నా ఎక్కువ! ఇవతల మన సైనిక కణాలు. రెండింటి మధ్య నిలబడ్డ పేగు గోడ పై పొర మందం ఎంత? ఒకే ఒక్క కణం! దాని మీద జిగురు పూత. అంతే, ఇంకేమీ లేదు!

ఆ గోడ కూడా పాతబడదు. నాలుగైదు రోజులకు ఒకసారి మొత్తం కొత్తదైపోతుంది! ఈ ఆదివారం మీ పేగును కాచిన పొర వచ్చే ఆదివారానికి ఉండదు. ఈ మరమ్మతుకు తాపీమేస్త్రీలను పురమాయించేది కూడా ఒక సైటోకైనే! దాని పేరు ఇంటర్‌ల్యూకిన్-22.

మరి "దొంగలు పడ్డారు!" అన్న కబురు ఆగకపోతే? దొంగలు లేకపోయినా అరుపు సాగుతూనే ఉంటే? అప్పుడు సైన్యం సొంత గోడనే పగలగొడుతుంది! పుండ్లు పడతాయి. నెత్తురు, బంక విరేచనాలు. రోజుకు పదిసార్లు బాత్రూమ్‌కి పరుగు. బరువు జారిపోతుంది. దీన్నే డాక్టర్లు ఐబీడీ అంటారు. ముఖ్యంగా ఇది 2 రకాలు. పెద్దపేగుకే పరిమితమైతే అల్సరేటివ్ కొలైటిస్. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రాగలిగితే క్రోన్స్!

క్రోన్స్ అన్న పేరు ఎలా వచ్చిందో తెలిస్తే ఆశ్చర్యపోతారు! 1932లో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రి నుంచి ముగ్గురు డాక్టర్లు కలిసి వ్యాసం రాశారు. క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్. పత్రిక వాళ్లు ఇంగ్లిష్ అక్షరక్రమంలో పేర్లు వేశారు. ముందు పడ్డ పేరే జబ్బుకు అతుక్కుపోయింది!

ఇప్పుడు అసలు కథానాయకుడు వస్తున్నాడు! పేరు టీఎన్‌ఎఫ్. పూర్తిపేరు ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్, అంటే కణితిని చంపే పదార్థం. 1975లో న్యూయార్క్‌లో లాయిడ్ ఓల్డ్ బృందం దాన్ని కనిపెట్టింది. ఎలుకల్లో కణితులు నల్లబడి రాలిపోయాయి! క్యాన్సర్‌కు మందు దొరికిందని అందరూ ఎగిరి గంతేశారు.

పదేళ్లు తిరిగేసరికి కథ అడ్డం తిరిగింది! వేరే ల్యాబ్‌లో వేరే పరిశోధకులు ఇంకో ప్రోటీన్ వెంటపడ్డారు. దీర్ఘరోగాల్లో మనిషి ఎముకలగూడైపోవడానికి అదే కారణమని వాళ్ల నమ్మకం. దానికి కాకెక్టిన్ అని పేరు పెట్టారు. 1985లో పోల్చి చూస్తే కాకెక్టిన్, టీఎన్‌ఎఫ్ ఒక్కటే! కణితిని కరిగించేదీ అదే, మనిషిని కరిగించేదీ అదే! అది తేల్చిన వారిలో ఒకరైన బ్రూస్ బాయిట్లర్‌కు తర్వాత, రోగనిరోధకత మీద చేసిన వేరే పరిశోధనకు, నోబెల్ వచ్చింది.

ఈ టీఎన్‌ఎఫ్ ఒంటరిగా పనిచేయదు. 3 ముక్కలు గుత్తిగా కట్టుకుని తిరుగుతుంది! మూడుకాళ్ల పీటలా కణం మీద కూర్చుంటుంది. కణంలోపల ఒక స్విచ్ పడుతుంది. ఇక చూడండి, ఆ కణం కూడా టీఎన్‌ఎఫ్ తయారుచేయడం మొదలుపెడుతుంది! ఒక ఇంట్లో అరుపు వీధి వీధంతా పాకినట్టే.

ఆ స్విచ్ పేరు ఎన్‌ఎఫ్-కప్పా-బి. 1986లో అమెరికాలో డేవిడ్ బాల్టిమోర్ ల్యాబ్‌లో రంజన్ సేన్ దాన్ని పట్టుకున్నారు. అప్పుడు వాళ్లు వెతుకుతున్నది పేగుల జబ్బు కోసం కాదు! ఒక్క రకం రక్తకణం గురించి ఆరా తీస్తున్నారు. అది ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉందని తర్వాత తేలింది! ఇవాళ ఐబీడీకి ఇచ్చే స్టెరాయిడ్లు అణచేది ఈ స్విచ్‌నే.

టీఎన్‌ఎఫ్ నోరు నొక్కేస్తే? ఆ ఆలోచనకు మందు రూపం ఇచ్చినవారిలో ఒకరు యాన్ విల్చెక్. 1964లో కమ్యూనిస్టు చెకోస్లొవేకియా నుంచి తప్పించుకుని బయటపడ్డ మనిషి! న్యూయార్క్ యూనివర్సిటీలో ఆయన, జున్‌మింగ్ లె కలిసి ఎలుక కణాల నుంచి ఒక యాంటీబాడీ తీశారు. అది వెళ్లి టీఎన్‌ఎఫ్‌ను వాటేసుకుని కదలనివ్వదు! అదే తర్వాత ఇన్‌ఫ్లిక్సిమాబ్ అయింది. రాయల్టీగా వచ్చిన సొమ్ము ఏం చేశారో తెలుసా? 2005లో అదే యూనివర్సిటీకి పది కోట్ల డాలర్లకు పైగా ఇస్తానని ప్రకటించారు! ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక చిన్నమ్మాయి. క్రోన్స్ జబ్బు. ఏ మందూ పనిచేయలేదు. డాక్టర్లు తెగించి ఈ కొత్త యాంటీబాడీ ఎక్కించారు. అమ్మాయి తేరుకుంది! ఆ వార్త 1993లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఒకే ఒక్క పాప! ప్రపంచం చూపు అటు తిరగడానికి అది చాలింది.

నాలుగేళ్ల తర్వాత 108 మంది మీద పరీక్ష చేశారు. ఒకే ఒక్క సెలైన్, అంతే! నాలుగు వారాలకు చూస్తే, కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున ఎక్కించుకున్నవాళ్లలో 81 శాతం మందికి గుణం కనిపించింది! ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 17 శాతమే. అసలు వింత ఇంకోటుంది! 10, 20 మిల్లీగ్రాములు ఇచ్చినవాళ్లకు ఇంత ఫలితం రాలేదు. తక్కువ మోతాదే గెలిచింది!

1998 ఆగస్టులో అమెరికా ఆ మందుకు అనుమతినిచ్చింది. అందులో సుమారు పావు వంతు ఎలుక ప్రోటీన్ అని మీకు తెలుసా? మిగతా ముప్పావు మనిషిది! అందుకే కొందరి ఒంట్లోని రక్షణ కణాలు మందునే శత్రువనుకుని దాని మీదికి దండెత్తుతాయి. మొదట్లో బాగా పనిచేసిన మందు తర్వాత్తర్వాత పట్టు తప్పడానికి ఇదొక కారణం.

మందు పేరు చూసి అందులో ఎలుక ఎంతో చెప్పేయొచ్చు! ఈ కిటుకు ఎవరికీ చెప్పకండి, మీకు మాత్రమే. చివర "క్సిమాబ్" ఉంటే పావు ఎలుక, ముప్పావు మనిషి తరహా. "జుమాబ్" ఉంటే చాలా మటుకు మనిషి. ఉత్త "ఉమాబ్" ఉంటే పూర్తిగా మనిషి! ఇన్‌ఫ్లిక్సిమాబ్, వెడోలిజుమాబ్, అడాలిముమాబ్. 3 పేర్లు, 3 జాతకాలు! 2017 తర్వాత పేర్లు పెట్టే పద్ధతి మారింది కాబట్టి మరీ కొత్త మందులకు ఈ లెక్క కుదరదు.

అడాలిముమాబ్ అనగానే గుర్తొచ్చింది. హ్యుమిరా పేరుతో 2021 ఒక్క ఏడాదిలోనే దాని అమ్మకాలు 2,000 కోట్ల డాలర్లు దాటాయి! మరి దానికి ప్రపంచంలోనే మొట్టమొదటి బయోసిమిలర్, అంటే దాదాపు అలాంటిదే అయిన నకలు మందు, ఎక్కడ వచ్చిందో తెలుసా? మన దేశంలోనే! అహ్మదాబాద్‌కు చెందిన జైడస్ సంస్థ 2014 డిసెంబరులో విడుదల చేసింది!

ఇదిగో, శాస్త్రవేత్తలు ఇప్పటికీ తల గోక్కునే చిక్కుముడి! ఎటానెర్సెప్ట్ అనే ఇంకో మందు ఉంది. అదీ టీఎన్‌ఎఫ్‌నే పట్టుకుంటుంది. కీళ్లవాతానికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. 2001లో క్రోన్స్ రోగులకు ఇచ్చి చూశారు. ఏమీ కాలేదు! అదే శత్రువు, అదే గొళ్లెం, పేగు దగ్గర మాత్రం పనిచేయలేదు! కణం మీద అంటుకుని ఉన్న టీఎన్‌ఎఫ్‌ను అది గట్టిగా పట్టుకోలేకపోవడం ఒక కారణమని చాలామంది భావిస్తున్నారు.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంటర్‌ల్యూకిన్-17 దగ్గర తగిలింది. మంట పుట్టిన పేగులో అది కుప్పలుగా కనిపిస్తుంది. దాన్ని ఆపితే జబ్బు తగ్గాలి కదా! 59 మంది క్రోన్స్ రోగుల మీద దాన్ని ఆపే మందు ప్రయత్నించారు. జబ్బు తగ్గకపోగా కొందరికి ముదిరింది! ఎందుకో తెలుసా? అదే కబురు పేగు గోడలో పగుళ్లు పూడుస్తోంది. ఫంగస్‌ను తరుముతోంది. దొంగనుకుని పట్టుకున్నది ఇంటి కాపలాదారును!

టీఎన్‌ఎఫ్‌దీ అదే తీరు. మన దేశంలో ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన ముక్క ఇది! చాలామంది ఊపిరితిత్తుల్లో క్షయ క్రిములు నిద్రపోతూ ఉంటాయి. వాటి చుట్టూ రక్షణ కణాలు గుండ్రంగా చేయీచేయీ పట్టుకుని కోట కట్టి ఉంచుతాయి. ఆ చేతులు విడిపోకుండా చూసేది టీఎన్‌ఎఫ్! మందుతో దాన్ని ఆపితే కోట కూలుతుంది. క్రిమి నిద్ర లేస్తుంది. 2001లో అమెరికా పరిశోధకులు ఇలాంటి కేసులు 70 లెక్కపెట్టారు! చాలావరకు మొదటి కొన్ని నెలల్లోనే బయటపడ్డాయి.

అందుకే ఈ ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు డాక్టర్ ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష రాస్తారు. "నాకు దగ్గే లేదు, ఇదెందుకు?" అనకండి! దగ్గు లేనివాళ్లలోనే ఆ నిద్రపోయే క్రిమి దాక్కునేది. ప్రపంచంలో టీబీ రోగుల్లో దాదాపు 4 వంతుల్లో ఒక వంతు మన దేశంలోనే ఉన్నారు. మనకు ఈ పరీక్ష ప్రాణంతో సమానం!

పేగుకు వచ్చే టీబీ, క్రోన్స్ జబ్బు కవల పిల్లల్లా ఉంటాయి! అదే కడుపునొప్పి, అదే బరువు తగ్గడం, కెమెరాలో అవే పుండ్లు. ఇద్దరి చిరునామా కూడా ఎక్కువగా ఒకటే, చిన్నపేగు పెద్దపేగు కలిసే మూల! కానీ క్రోన్స్‌కు ఇచ్చే మందు టీబీ ఉన్నవాళ్లకు విషం. తేడా తేలక మన డాక్టర్లు చాలాసార్లు ముందు టీబీ మందులు వాడించి, రెండు మూడు నెలలకు మళ్లీ కెమెరా వేసి చూస్తారు.

గర్భిణులున్న ఇళ్లవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి! తల్లికి ఇచ్చిన టీఎన్‌ఎఫ్ నిరోధక మందు మాయ దాటి బిడ్డకు చేరుతుంది. చివరి మూడు నెలల్లో మరీ ఎక్కువగా! పుట్టాక నెలల తరబడి బిడ్డ నెత్తురులో ఉంటుంది. మన దగ్గర బిడ్డ పుట్టగానే వేసే బీసీజీ టీకాలో ఉండేది బతికున్న క్రిమి. అందుకే అలాంటి బిడ్డకు కనీసం 6 నెలల దాకా బీసీజీ ఆపమంటారు, కొన్ని మందులకైతే ఇంకా ఎక్కువ. ప్రసవం చేసే డాక్టర్‌కు, పిల్లల డాక్టర్‌కు ముందే చెప్పండి. అలాగని మందు మీరే మానేయకండి! జబ్బు తిరగబెడితే బిడ్డకు ఇంకా ముప్పు.

ఇంటర్‌ల్యూకిన్-12 అని ఒక కబురు ఉంది. క్రోన్స్‌కు అదే కారణమని ఏళ్ల తరబడి అందరూ అనుకున్నారు. 2000లో గుట్టు రట్టయింది! దానికో తోబుట్టువు ఉంది. పేరు ఇంటర్‌ల్యూకిన్-23. రెండింటికీ సగం శరీరం ఒకటే! ఆ సగాన్ని చూసే ఇన్నాళ్లూ ఒకరి నేరం ఇంకొకరి మీద వేశారు. పేగు దగ్గర అసలు రగిలించేది 23!

అంతకన్నా విచిత్రం వినండి! ఈ 23 కబురు అందుకునే గ్రాహకం జన్యువులో ఒక్క అక్షరం తేడాతో పుట్టినవాళ్లు కొందరున్నారు. వాళ్లకు కబురు సరిగా వినపడదు. అదే వాళ్ల అదృష్టం! 2006లో ఉత్తర అమెరికాలో లెక్క తీస్తే ఆ మార్పు మామూలు జనంలో 7 శాతం, క్రోన్స్ రోగుల్లో 2 శాతం లోపే. కాస్త చెవుడు ఆ పేగును కాపాడింది!

మరి రెండింటినీ ఆపడం మేలా, 23ను ఒక్కదాన్నే ఆపడం మేలా? 2024లో ముఖాముఖి పోటీ ఫలితం వచ్చింది! టీఎన్‌ఎఫ్ మందులు విఫలమైన క్రోన్స్ రోగులు. రెండింటినీ ఆపే ఉస్టెకినుమాబ్‌తో 24 వారాలకు దాదాపు 40 శాతం మంది తేరుకున్నారు. 23ను ఒక్కదాన్నే ఆపే రిసాంకిజుమాబ్‌తో దాదాపు 59 శాతం! గురి ఎంత సన్నమైతే దెబ్బ అంత గట్టిగా తగిలింది.

ఇంతసేపూ రగిలించే కబుర్లే చెప్పాను. చల్లార్చే కబురు కూడా ఉంది! దాని పేరు ఇంటర్‌ల్యూకిన్-10. 1993లో జర్మనీ పరిశోధకులు ఆ జన్యువు లేని ఎలుకలను పుట్టించారు. ఎవరూ వాటికి జబ్బు అంటించలేదు. మామూలు గూట్లో, మామూలు తిండి. వాటంతట వాటికే పేగులు పుండ్లు పడ్డాయి! "చాలు, ఆగండి" అనే ఒక్క మాట లేక!

పదహారేళ్లకు అదే కథ పసిపిల్లల్లో కనిపించింది. ఏడాది కూడా నిండని పిల్లలు, మలద్వారం చుట్టూ మానని పుండ్లు. 2009లో కారణం దొరికింది. వాళ్ల కణాలకు ఇంటర్‌ల్యూకిన్-10 వినే చెవులు లేవు! దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లున్న కుటుంబాల్లో అది బయటపడింది. మేనరికాలు ఇంకా ఉన్న మన ఊళ్లలో పిల్లల డాక్టర్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. ఇంతకీ ఒక బిడ్డకు ఏ మందూ పనిచేయకపోతే ఎముకమజ్జ మార్చారు. పేగు పుండ్లు మానిపోయాయి! పేగుకు జబ్బు, మందు ఎముకలో!

ఇంకో బాబు కథ వింటే కళ్లు చెమరుస్తాయి. అమెరికాలోని విస్కాన్సిన్. తిన్నదల్లా పేగుకు చిల్లులు పెడుతోంది. నాలుగేళ్లకే 100కు పైగా ఆపరేషన్లు! చివరికి డాక్టర్లు అతని జన్యువులన్నీ చదివారు. ఎక్స్ఐఏపీ అనే జన్యువులో ఒక్క అక్షరం తప్పు! క్రిములున్నాయన్న కబురును కణం లోపల మోసే ప్రోటీన్ అది. 2010లో బొడ్డుతాడు నెత్తురు కణాలు ఎక్కించారు. బాబు అన్నం తిన్నాడు!

చల్లార్చే ఇంటర్‌ల్యూకిన్-10ని బ్యాక్టీరియాతోనే చేయిస్తే? చేయించారు! చీజ్, మజ్జిగ తయారీలో వాడే లాక్టోకాకస్ లాక్టిస్‌కు మనిషి జన్యువు అతికించారు. మింగితే చాలు, పేగులోకి వెళ్లి అక్కడే మందు వండుతుంది! బయటి ప్రపంచంలోకి వస్తే మాత్రం బతకలేదు, దానికి కావలసిన ఒక పోషకాన్ని తయారుచేసే జన్యువు తీసేశారు. 2006లో ఆమ్‌స్టర్‌డామ్‌లో 10 మంది క్రోన్స్ రోగులు దాన్ని మింగారు. సురక్షితమే అని తేలింది. మందుల షాపుకు మాత్రం ఇంకా చేరలేదు.

రోమన్ల పురాణంలో జానస్ అని రెండు ముఖాల దేవుడున్నాడు. ఆయన పేరు మీదే జాక్ అనే ఎంజైములున్నాయి! కణం గుమ్మం దగ్గర నిలబడి బయటి కబురును లోపలికి చేరవేస్తాయి. పదుల కొద్దీ సైటోకైన్లకు ఈ కాపలాదారులు నలుగురే! అందుకే వీళ్లను ఆపితే ఒకే దెబ్బకు ఎన్నో కబుర్లు ఆగిపోతాయి. టోఫాసిటినిబ్ ఆ పనే చేస్తుంది. ఇంజెక్షన్ కాదు, మామూలు మాత్ర! అంత బలమున్న మందు కాబట్టే డాక్టర్ కనుసన్నల్లో తప్ప వాడకూడదు. రక్తం గడ్డకట్టడం, సర్పి లాంటి ముప్పులు దానికున్నాయి.

సైనిక కణానికి పేగు దారి ఎలా తెలుస్తుందంటారు? దాని ఒంటి మీద చిరునామా చీటీ ఉంటుంది! పేగు రక్తనాళంలో దానికి సరిపోయే గొళ్లెం ఉంటుంది. వెడోలిజుమాబ్ ఆ చీటీ మీద చెయ్యి అడ్డం పెడుతుంది. సైన్యం నెత్తురులోనే తిరుగుతుంది, పేగులో దిగదు! మిగతా ఒంటి రక్షణ దాదాపు అలాగే ఉంటుంది. 2014లో అనుమతి వచ్చింది.

పేగులో మంట, కాలేయంలో సాక్ష్యం! ఇంటర్‌ల్యూకిన్-6 నెత్తురులో ప్రయాణించి కాలేయం తలుపు తడుతుంది. కాలేయం వెంటనే సీఆర్‌పీ అనే ప్రోటీన్ కుమ్మరిస్తుంది. తీవ్రమైన మంటలో అది 1,000 రెట్ల దాకా పెరగగలదు! మీ రక్తపరీక్ష రిపోర్టులో ఆ మూడక్షరాలు కనిపించేది ఇందుకే.

అదే ఇంటర్‌ల్యూకిన్-6 ఇంకో పని కూడా చేస్తుంది. కాలేయం చేత హెప్సిడిన్ అనే హార్మోను చేయిస్తుంది. 25 అమైనో ఆమ్లాల బుల్లి తాళం! అది ఐరన్‌ను గోదాములో పెట్టి తాళం వేస్తుంది. తిన్న తోటకూరలో ఐరన్ లోపలికి రాదు, దాచింది బయటికి రాదు. ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా కొందరు ఐబీడీ రోగులు పాలిపోయి ఉండడం ఇందుకే! వాళ్లకు నరంలోకి ఎక్కించాల్సి వస్తుంది.

కెమెరా వేయకుండానే పేగు లోపల మంట ఉందో లేదో చెప్పే పరీక్ష ఉంది! మలం కాస్త డబ్బాలో పట్టి ఇస్తే చాలు. ఇంటర్‌ల్యూకిన్-8 పిలుపు విని న్యూట్రోఫిల్ కణాలు పేగులోకి దూకుతాయి. ఆ కణాల ద్రవంలో ఉండే ప్రోటీన్‌లో దాదాపు 60 శాతం ఒక్క కాల్‌ప్రొటెక్టినే! అది మలంలో రోజుల తరబడి చెడిపోదు. ఉత్త గ్యాస్, లేదా పుండ్లు లేని ఐబీఎస్ అనే పేగు ఇబ్బంది అయితే అది పెరగదు. పెరిగిందంటే లోపల మంట ఉందన్నమాటే! నా మాటగా చెబుతున్నాను, ఇంత సులువైన పరీక్ష గురించి ఇంత తక్కువమందికి తెలియడం అన్యాయం.

ఇప్పుడు మన భీమవరం ముచ్చట! అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరుణ్ణి స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. అమెరికా వెళ్లి లెడర్లీ ల్యాబ్‌లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. దాన్నే అటూ ఇటూ మార్చి ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే మందులూ తయారుచేసింది. అందులోంచి వచ్చిందే మెథోట్రెక్సేట్! క్యాన్సర్ కోసం పుట్టిన మందు. తక్కువ మోతాదులో మంట కబుర్లను చల్లారుస్తుంది.

కెనడా పరిశోధకులు 1995లో దాన్ని క్రోన్స్‌కు వాడి చూశారు. వారానికి ఒక్క ఇంజెక్షన్. 39 శాతం మంది తేరుకున్నారు, ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో దానిలో సగమే! ఆ మందు వాడేవాళ్లకు నోటిపూత రాకుండా డాక్టర్ ఇంకో మాత్ర రాస్తారు. ఏమిటది? ఫోలిక్ యాసిడ్! మందూ, మందుకు విరుగుడూ రెండూ ఆ భీమవరం బిడ్డ ల్యాబ్ నుంచే! ఇది చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఒక్క హెచ్చరిక మాత్రం. మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారే. రోజూ వేసుకుంటే ప్రాణాంతకం. గర్భిణులు అసలే వాడకూడదు.

సల్ఫాసలజిన్ ఇంకో తమాషా! స్వీడన్‌లో నాన్నా స్వార్ట్జ్ అనే మహిళా డాక్టర్ కీళ్లవాతం కోసం దాన్ని పుట్టించారు. 1942లో ఆమె అచ్చువేసిన ఫలితాల్లో పేగు రోగులు బాగుపడ్డారు! దాని పనితీరు వింటే ముక్కున వేలేసుకుంటారు. మాత్ర చిన్నపేగులో చాలావరకు అలాగే దాటిపోతుంది. పెద్దపేగులో బ్యాక్టీరియా దాన్ని రెండుగా విరుస్తాయి. అప్పుడు మందు బయటికొస్తుంది! పొట్లం విప్పేది డాక్టర్ కాదు, మీ బ్యాక్టీరియా!

పసుపు సంగతి అడగబోతున్నారు కదా! జపాన్‌లో 2006లో 89 మంది అల్సరేటివ్ కొలైటిస్ రోగుల మీద చూశారు. పసుపులోని కర్కుమిన్ రోజుకు 2 గ్రాములు, మామూలు మందులతో పాటు. ఆరు నెలల్లో జబ్బు తిరగబెట్టింది 5 శాతం లోపు మందికే, కర్కుమిన్ లేనివాళ్లలో 20 శాతానికి! కానీ ఆగండి. ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు తక్కువ మోతాదులో ఇచ్చి చూస్తే లాభం లేకపోయింది. కూరలో వేసే చిటికెడు పసుపు రుచికే! మందు మానేసి పసుపు పట్టుకుంటే నష్టపోయేది మీరే.

గుండె దిటవు చేసుకోండి, ఇది కాస్త ఒళ్లు జలదరించే ముక్క! పందుల పేగులో ఉండే కొరడా పురుగు గుడ్లు, 2,500 చొప్పున, రెండు వారాలకోసారి మింగించారు! అమెరికాలో, అల్సరేటివ్ కొలైటిస్ రోగులకు. పురుగును చూసి రక్షణ సైన్యం కబుర్ల తీరు మార్చుకుంటుందని వాళ్ల ఆశ. 2005లో వచ్చిన ఫలితం బాగానే ఉంది! తర్వాత క్రోన్స్ మీద జరిగిన పెద్ద పరీక్షల్లో మాత్రం గుడ్లు ఓడిపోయాయి.

మెదడు నుంచి పొట్టకు వేగస్ అని ఒక పొడవాటి నరం దిగుతుంది. దానిలో కరెంటు పంపితే టీఎన్‌ఎఫ్ తగ్గుతుందని కెవిన్ ట్రేసీ అనే పరిశోధకుడు జంతువుల్లో చూపించారు! ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో 7 మంది క్రోన్స్ రోగులకు మెడ దగ్గర చిన్న పరికరం అమర్చారు. ఇద్దరికి జబ్బు ముదిరి మానుకున్నారు. మిగిలిన అయిదుగురూ ఆరు నెలల్లో తేరుకున్నారు! చాలా చిన్న పరీక్షే. అయినా కరెంటుతో కబురు ఆపొచ్చన్న ఆశ పుట్టింది!

ఎవరికి ఏ మందు పనిచేస్తుందో ముందే తెలిస్తే? ఆంకోస్టాటిన్-ఎం అనే సైటోకైన్ ఆ పని చేయొచ్చు! ఆక్స్‌ఫర్డ్ బృందం 2017లో 200 మందికి పైగా రోగుల పేగు ముక్కల వివరాలు చూసింది. అది ఎక్కువగా ఉన్నవాళ్లకు టీఎన్‌ఎఫ్ మందులు అంతగా పట్టలేదు! ఇదే నిలబడితే నెలలూ, లక్షల రూపాయలూ మిగులుతాయి.

ఇప్పుడు అందరి కళ్లూ టీఎల్1ఏ మీద! టీఎన్‌ఎఫ్ కుటుంబంలోదే, 2002లో దొరికింది. మంట పుట్టించడమే కాదు, పేగును గట్టిపరిచి మచ్చలు కట్టించేది కూడా ఇదేనని అనుమానం. దాన్ని ఆపే మందు చేతిలో ఉన్న ఒక చిన్న కంపెనీని 2023లో మెర్క్ ఎంతకు కొన్నదో తెలుసా? సుమారు 1,080 కోట్ల డాలర్లు! ఒక్క గుసగుసను ఆపడానికి!

వెళ్లే ముందు ఒక్క మాట. మోషన్‌లో రక్తం కనిపిస్తే "మొలలే, వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకునేవాళ్లు మన ఇళ్లలో ఎందరో! అల్సరేటివ్ కొలైటిస్ ఎక్కువగా 15 నుంచి 35 ఏళ్ల మధ్య, చదువుకునే పిల్లల్ని, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లని పట్టుకుంటుంది. రక్తమో, విరేచనాలో, బరువు తగ్గడమో 4 వారాలు దాటిందా? సిగ్గుపడకండి, దాచకండి. కడుపు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష గురించి మీరే అడగండి!